అయిదో లెవెల్ సెట్టు

నౌపడ,
14 జులై 2014.

సుందరక్కకి షాలిని వందనాలు.

నువ్వు, స్టాన్లీ బావ, గ్లోరీ అందరూ ప్రభువు కాపుదలలో ఉన్నారనుకుంటన్నాను. పుస్తకాల సంగతి ఫోనులో మాటాడుకోవద్దు, కాయితం మీద రాసుకుందాం, ఫోనులో అయితే మనిద్దరికీ మాటకి మాట పెరిగిపోతాది అని మొన్న ఈస్టరుకి నువ్వే అన్నావు. నిజమే. పెద్దమ్మ కూతురివి, నాకన్నా ఆరేళ్ళు పెద్దదానివి. నీతో గొడవ పడితే నాకు మూడు రోజులు అన్నం సయించదు. అందుకే రాస్తన్నాను.

మా ఫిన్నీ ఇంటిబడి పుస్తకాల్లో నాలుగో లెవెల్ సగానికి వస్తన్నాడు. బళ్ళో ఫిట్స్ వచ్చి పడిపోతే, మీ అబ్బాయి బాధ్యత మేం తీసుకోలేం అని వాళ్ళు పంపేసి రెండేళ్ళయింది. ఆ రోజు నువ్వు లేకపోతే నేనేటి చేసుందును? గ్లోరీకి నేను ఇంట్లోనే చెప్తున్నాను, నువ్వూ చెప్పుకోవే, ఏం భయం లేదు అన్నావు. పదో క్లాసు చదివిన నాకు ఆ ఇంగ్లీషు పుస్తకాలు ఎలా చెప్పాలో నేర్పావు. గ్లోరీ రాసేసిన మూడో లెవెల్, నాలుగో లెవెల్ పుస్తకాలు కూచుని చెరిపి, శుభ్రం చేసి, సగం ధరకి ఇచ్చావు. ఆ మేలు మర్చిపోలేదు.

ఇప్పుడు సంగతేటంటే, ఏడాదిగా వాడికి ఫిట్స్ రాలేదు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంక బడికి పంపొచ్చు అంది. నరసన్నపేటలో ఒక బడి వాళ్ళని అడిగితే, వచ్చే జూన్‌లో పరీక్ష పెడతామన్నారు. అయిదో లెవెల్ అంతా వచ్చుంటే ఆరో క్లాసులో చేర్చుకుంటారంట. రాకపోతే లేదు. వయసు మించినోడిని కింది క్లాసులో కూచోబెట్టరంట. అందుకని గ్లోరీ రాసేసిన అయిదో లెవెల్ పుస్తకాలు ఎప్పటికప్పుడు పంపిస్తావేటి? అన్నీ ఒక్కసారే అక్కర్లేదు. అయిపోయినవి అయిపోయినట్టు బస్సుకి వేసేయి, మీ మరిది వెళ్ళి తెచ్చుకుంటారు.

నీ చెల్లెలు,
షాలిని

బొబ్బిలి,
9 ఆగస్టు 2014.

ప్రియమైన షాలినికి,

నీ ఉత్తరం అందింది. ఫిన్నీకి ఒంట్లో బాగుండడం సంతోషం. మేము రోజూ కుటుంబ ప్రార్థనలో వాడి పేరు తలుచుకుంటున్నాము.

పుస్తకాల విషయం. సెట్టు అంటే సెట్టే. అయిదు సబ్జెక్టులు, సబ్జెక్టుకి పన్నెండు పుస్తకాలు, జవాబుల పుస్తకం వేరు. విడివిడిగా పంపిస్తే ఒకటి పోతుంది, ఒకటి చిరుగుతుంది, తర్వాత ఆ సెట్టు ఎవరూ కొనరు. అదీగాక గ్లోరీ వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకుంటుంది. లెక్కల్లో మొన్న తొంభై ఆరు వచ్చింది, సైన్సులో తొంభై ఎనిమిది. మొన్న స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు అందరి ముందూ లేపి చప్పట్లు కొట్టించారు. పిల్ల అంత శ్రద్ధగా చదువుతుంటే నేను దాని చేతి కింద నుంచి పుస్తకం లాగేసుకోలేను కదా.

ఇంకొక మాట, పెద్దదాన్ని కనుక చెప్తున్నాను. ఫిన్నీని అంత వేగంగా తోలకు. ఫిట్స్ వచ్చిన పిల్లవాడు. తల మీద బరువు పెడితే మళ్ళీ ఏమైనా వస్తే ఎవరిని అంటావు? గ్లోరీ కన్నా ఏడాదిన్నర చిన్నవాడు. వాడికేం తొందర?

పెన్సిల్‌తో మెల్లగా రాయిస్తున్నావా? గట్టిగా నొక్కితే చెరిపినా గాడి పోదు.

నీ అక్క,
జ్ఞానసుందరి

నౌపడ,
2 సెప్టెంబరు 2014.

అక్కా,

తొందర నాది కాదు, జూన్‌ది. పరీక్ష జూన్‌లో అని రాశాను కదా. నువ్వు ఆ ముక్క చదవలేదేటి?

వాడి తల సంగతి డాక్టరమ్మ చూసుకుంటాది. నీ నోటి నుంచి ఆ మాట వచ్చాక నాకు రాత్రుళ్ళు నిద్ర లేదు, లేచి లేచి వాణ్ణి చూసుకుంటన్నాను. అనకుండా ఉండాల్సింది.

సెట్టు మొత్తం ఎప్పుడిస్తావో ఒక్క తేదీ రాయి. అంతే అడుగుతున్నాను. గ్లోరీ మార్కులకి సంతోషం.

షాలిని

బొబ్బిలి,
25 అక్టోబరు 2014.

ప్రియమైన షాలినికి,

తుపాను నుంచి మేము ముగ్గురం క్షేమంగా ఉన్నాము. దేవునికి స్తోత్రం. హుద్‌హుద్ అని పేరు పెట్టారు, మా వీధిలో రెండు రేకుల ఇళ్ళు ఎగిరిపోయాయి. వారం రోజులు కరెంటు లేదు. మీ వైపు గాలి తక్కువేనని విన్నాను.

చెప్పడానికి మనసు రావడం లేదు గానీ చెప్పక తప్పదు. అయిదో లెవెల్ పుస్తకాలు పోయాయి. వరండా గదిలో అట్టపెట్టెలో ఉంచాను. పైనుంచి కారి మొత్తం నానిపోయాయి. ఎండబెడితే ఒక దానికొకటి అంటుకుపోయాయి. చివరకు బావ బస్తాలో కట్టి బయట పడేశారు. గ్లోరీ ఏడ్చింది. అదృష్టం ఏమిటంటే అప్పటికే తన చివరి పరీక్ష అయిపోయింది, తొంభై ఏడు వచ్చింది.

నువ్వు వేరే చోట ప్రయత్నించుకో. ఆశ పెట్టుకుని కూర్చోవద్దనే రాస్తున్నాను.

జ్ఞానసుందరి

నౌపడ,
3 డిసెంబరు 2014.

సుందరక్కకి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపంతో ఊరుకున్నానని అనుకుంటావు. కాదు, తిరుగుతున్నాను.

సెట్టు కోసం తిరగడం అంటే ఏటో ఇప్పుడు తెలిసింది. కొత్తవి తెప్పించే సంస్థ వాళ్ళు ఇళ్ళకి అమ్మరంట, బడుల పేరు మీదయితేనే ఇస్తారంట. విజయనగరంలో పాత పుస్తకాల షాపులు నాలుగు తిరిగాను. ఒకాయన అయిదో లెవెల్ అంటే గేమ్ అనుకున్నాడు. మీ మరిది ఫోనులో ఇంటిబడి తల్లుల గ్రూపు ఒకటి పట్టుకున్నారు. హైదరాబాదులో ఒకామె ఫొటోలు పెట్టింది, అట్టలు కొత్తగా మెరుస్తన్నాయి. తెప్పిస్తే లోపల అన్నిట్లోనూ పెన్నుతో రాసుంది, అదీ ఇద్దరు పిల్లలు. ఒకరు నీలం, ఒకరు ఎరుపు. ఇంకొకామె సైన్సు ఒక్కటే ఇస్తానంది, మిగతావి వాళ్ళ చెల్లెలికంట. నాకు వినబడగానే నవ్వొచ్చింది. చెల్లెలికి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు లోకంలో.

ఫిన్నీ నాలుగో లెవెల్ అయిపోనాది. నాలుగు వారాలుగా చేతిలో ఏటీ లేదు. కేలండర్ వెనక లెక్కలు రాసిస్తే చేసుకుంటన్నాడు. రైలు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న వాళ్ళ నాన్న పక్కన కూచుని గూడ్సు పెట్టెల నంబర్లు కలుపుతున్నాడు.

ఒక మాట రాసేస్తాను. గ్లోరీ మార్కులంటే నాకు కడుపుమంట. ఇప్పుడు కాదు, రెండేళ్ళుగా. నువ్వు తొంభై ఆరు అని రాసినప్పుడల్లా నేను వాడి పుస్తకం తీసి ఎనభై ఒకటి, ఎనభై మూడు చూసుకుంటాను. నా బిడ్డకి జబ్బు ఎందుకు ఇచ్చావు, దాని బిడ్డకి తెలివి ఎందుకు ఇచ్చావు అని మోకాళ్ళ మీద కూచుని దేవుణ్ణి అడిగాను. ఆ బిడ్డ పుట్టినప్పుడు నేనే నీళ్ళు పోశాను. అలాంటిది దాని మీద కుళ్ళుకుంటన్నాను, సూడు నా బతుకు.

షాలిని

బొబ్బిలి,
27 డిసెంబరు 2014.

షాలినీ,

క్రిస్మస్ శుభాకాంక్షలు. ఈసారి గ్లోరీ ఇంగ్లీషులో వాక్యం చెప్పింది, చూడకుండా.

అసూయ పాపం. నువ్వు ఒప్పుకున్నావు కనుక సగం పోయినట్టే. పిల్లలకు ఇంట్లో చెప్పడం అందరికీ కుదిరే పని కాదు. నేను పదకొండేళ్ళు బళ్ళో టీచరుగా చేసి మానేసిన దాన్ని. నాతో పోల్చుకుని బాధపడకు. ఫిన్నీని ఏదైనా ప్రభుత్వ బళ్ళో తెలుగు మీడియంలో వేసినా తప్పేమీ లేదు.

జ్ఞానసుందరి

నౌపడ,
10 ఫిబ్రవరి 2015.

అక్కా,

సెట్టు దొరికింది.

నరసన్నపేట చర్చిలో పద్మకుమారిగారని కొత్తగా వచ్చారు. వాళ్ళాయనకి విజయనగరం నుంచి బదిలీ. అక్కడ పిల్లలకి ఇంట్లో చెప్పేవారంట, ఇక్కడికొచ్చాక బళ్ళో వేసేశారు. ఇంక పుస్తకాలు అక్కర్లేదని ఆరాధన అయ్యాక చెప్తన్నారంట, మా పాస్టరుగారి భార్య విని నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళి చూశాను. అయిదో లెవెల్, అయిదు సబ్జెక్టులు, అరవై పుస్తకాలూ వరసగా ఉన్నాయి. ఎక్కడ కొన్నారండీ అన్నాను. బొబ్బిలిలో జ్ఞానసుందరిగారని ఒక టీచరమ్మ, నవంబరులో అమ్మారండీ, ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో చూడండి అంది. నేను చూశాను. ఎంత శుభ్రంగా ఉన్నాయో. ఒక్క నీటి చుక్క లేదు.

ఆ చర్చి వరండాలో ఆవిడ ముందు నేను ఏటనగలను? మా అక్కే అని కూడా చెప్పలేదు. మోసుకుని బస్సెక్కాను. తుపానుకి పుస్తకాలు తడిసిపోలేదు, నీకు నా మీద ఉన్న ప్రేమ తడిసిపోనాది.

ఈ కోస్తా మొత్తం మీద పిల్లలకి ఇంట్లో చెప్పేవాళ్ళు పది ఇళ్ళు ఉండవు. అందరూ చర్చి వాళ్ళే. ఆ సెట్టు ఎటు తిప్పి అమ్మినా నా గుమ్మంలోకే వస్తాదని నీకు తట్టలేదా? అంత చదువుకున్నదానివి.

ఇంకో సంగతి. రాయకూడదు అనుకున్నాను, నాలుగు రోజులు ఆగాను. పుస్తకాలు బాగా చెరిపావు గానీ కిటికీ దగ్గర ఏటవాలుగా పెడితే గాడి కనబడతాది. మొదటి మూడు పుస్తకాల్లో గ్లోరీ రాత. వంకరగా, సగం గళ్ళు ఖాళీ. నాలుగో దాని నుంచి అన్నీ నీ రాత. అన్ని సబ్జెక్టుల్లోనూ. ఫిన్నీయే ముందు చూశాడు. అమ్మా, ఇది సుందరి పెద్దమ్మ రాత కదా అన్నాడు. సండే స్కూల్లో నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినదానివి, నీ రాత నాకు తెలీదా?

తొంభై ఆరు ఎవరికి వచ్చిందక్కా?

జవాబుల పుస్తకం సెట్టులో లేదు. పద్మకుమారిగారికి కూడా ఇవ్వలేదంట. లెక్కలు సరిచూసే చదువు నాకు లేదు. నాలుగు నెలలే ఉంది. అది మాత్రం పంపు. ఇంకేటీ పంపకు.

షాలిని

బొబ్బిలి,
21 ఫిబ్రవరి 2015.

షాలినికి,

జవాబుల పుస్తకం పంపుతున్నాను. నలభయ్యో పేజీ ఊడింది, అంటించాను.

జ్ఞానసుందరి

బొబ్బిలి,
6 మే 2015.

షాలినీ,

రెండున్నర నెలలు పట్టింది ఈ ఉత్తరానికి. పది సార్లు మొదలెట్టాను. ప్రతిసారీ టీచరమ్మ రాత వస్తోంది. చింపేశాను. ఇప్పుడు ఎలా వస్తే అలా రాస్తన్నాను.

పుస్తకాలు తడవలేదు. అబద్ధం ఆడాను. తుపాను వచ్చినప్పుడు ఆ అట్టపెట్టె మంచం మీద పెట్టి, పైన గొడుగేసి, దాని పక్కన పడుకున్నాను. మరుసటి వారం నీకు ఆ ఉత్తరం రాశాను. నవంబరులో పద్మకుమారికి అమ్మేశాను. ఇంట్లో ఉంటే ఎప్పటికైనా నీకు ఇవ్వాల్సి వస్తాదని. నీకు తప్ప ఇంకెవరికైనా ఇచ్చేద్దాం అనుకున్నాను.

ఎందుకో చెప్తాను. ఈస్టరుకి మీరు వచ్చారు కదా. మా వరండాలో గ్లోరీ పుస్తకం పడుంది, మూడోది. మీ ఫిన్నీ అది తీసి పైకి చదవడం మొదలెట్టాడు, గడగడా, ఒక్క చోట ఆగకుండా. వాడు ఇంకా నాలుగో లెవెల్. వాళ్ళ నాన్న మురిసిపోతన్నారు, నువ్వు లోపల చేపలు కడుగుతన్నావు. గ్లోరీ గుమ్మం పట్టుకుని నిలబడి వాడి నోటి వంక చూస్తంది. ఆ పేజీ దానికి మూడు వారాలుగా చెప్తన్నాను, ఒక్క వరస చదవలేదు. కింది లెవెల్స్‌లో అయితే నేను పైకి చదివి వినిపిస్తే రాసేసేది. అక్షరాలు కదుల్తాయమ్మా అంటాది. బద్ధకం అని కొట్టాను. ఆ రోజు నా కడుపులో ఏదో రగిలింది షాలినీ. నేను నేర్పిన నా చెల్లెలు, పదో క్లాసు చదివిన నా చెల్లెలు, ఫిట్స్ వచ్చే బిడ్డతో నన్ను దాటేస్తందా అని. ఆ మంట నాకు పూర్తిగా తెలుసు, నువ్వు నాకు రాసింది అందులో పావలా వంతు.

మూడో పుస్తకం పరీక్షలో దానికి ముప్పై అయిదు వచ్చాయి. ఎనభై రాకపోతే తర్వాతది తియ్యకూడదు. నేను మళ్ళీ చెప్పాను, ముప్పై ఒకటి వచ్చాయి. ఆదివారం కూడికలో అడుగుతారు, గ్లోరీ ఎంతవరకు వచ్చిందండీ అని. ఉద్యోగం మానేసి పిల్లకి నేనే చెప్పుకుంటానని ఊరంతా చాటినదాన్ని. నాలుగోది తీసి జవాబుల పుస్తకం పక్కన పెట్టుకుని నేనే రాశాను. ఒక్కటే అనుకున్నాను. తర్వాత ఇంకో నలభై నాలుగు రాశాను. రాసిందంతా మళ్ళీ నేనే చెరిపాను. పిచ్చి కాకపోతే ఏటిది.

నీ ఫిబ్రవరి ఉత్తరం బావ చేతిలో పడింది. చదివారు. గ్లోరీని పిలిచి పక్కన కూచోబెట్టుకుని అడిగారు. అది అంది:

"నాకు తెలుసు నాన్నా. అమ్మ చర్చిలో నా మార్కులు చెప్తున్నప్పుడు నేను వెనక్కి వెళ్ళి చెప్పులు సర్దేదాన్ని."

పన్నెండేళ్ళ పిల్ల. ఏడాదిగా నాకోసం నోరు మూసుకుని ఉంది.

మొన్న విశాఖ తీసుకెళ్ళి చూపించాం. తెలివి లోపం ఏమీ లేదంట. అక్షరాలు దాని కంటికి అలాగే కనబడతాయంట, అలాంటి పిల్లలు చాలామంది ఉంటారంట. మెల్లగా, పెద్ద అక్షరాలతో, కింది మెట్టు నుంచి మళ్ళీ మొదలెట్టమన్నారు. కనీసం నాలుగో లెవెల్ నుంచి అన్నారు.

నాలుగో లెవెల్ సెట్టు నీ దగ్గర ఉంది. నేనే నీకు అమ్మాను. ఫిన్నీ రాసేశాడని తెలుసు. చెరిపి ఇవ్వగలవా? చెరపకపోయినా పర్లేదు, నేను చెరుపుకుంటాను, ఆ పని బాగా వచ్చు నాకు. కొత్త సెట్టు ధర ఇస్తాను. నువ్వు ఇవ్వనంటే నేను తప్పు పట్టను. నీ స్థానంలో నేనుంటే ఇవ్వను.

సుందరి

నౌపడ,
28 జూన్ 2015.

సుందరక్కకి,

పరీక్ష అయ్యేవరకు రాయకూడదని ఆగాను. ఫిన్నీకి సీటు వచ్చింది. లెక్కల్లో రెండు తప్పాడు, మిగతావి రాశాడు. హెడ్మాస్టరుగారు పేపరు చూసి, ఎవరమ్మా చెప్పారు అని అడిగారు. నేనండీ అన్నాను. చెప్పి బయటికొచ్చి బస్టాండులో కూచుని ఏడ్చాను. వాడు పరువు పోతందమ్మా అన్నాడు. నిన్నటి నుంచి బడికి వెళ్తన్నాడు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. నిజం రాస్తాను, నువ్వు రాశావు కాబట్టి. చదవగానే నాకు సంతోషం వేసింది. గ్లోరీకి చదవడం రాదని. రెండేళ్ళు కడుపు కాల్చుకున్నదానికి ఎవరో మజ్జిగ పోసినట్టు. మళ్ళీ చదివాను, ఇంకా సంతోషం వేసింది. మూడోసారి చదివేటప్పటికి చెప్పులు సర్దేదాన్ని అన్న మాట దగ్గర ఆగిపోయాను. నీళ్ళు పోసిన బిడ్డక్కా అది. దాని మీద నేను సంతోషపడ్డాను. ఆ రాత్రి ప్రార్థనకి కూచోలేదు, ఏ ముఖం పెట్టుకుని కూచోను.

ఇంకో తప్పు ఉంది, అదీ చెప్పేస్తాను. నాలుగో లెవెల్ సగం వరకు వాడు పెన్సిల్‌తోనే రాశాడు. ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది, వాణ్ణి తొందరగా తోలకు అని, గ్లోరీకి చప్పట్లు కొట్టారని. ఆ రోజే వాడి చేతికి పెన్ను ఇచ్చాను. ఇంక గట్టిగా నొక్కి రాయి అన్నాను. ఈ సెట్టు ఇంకెవ్వరి చేతికీ వెళ్ళకూడదు, నువ్వు తిరిగి తీసుకుని ఇంకొకరికి అమ్ముకునే దారి ఉండకూడదు అని. వాడు అమ్మా, చెరగదు కదా అన్నాడు. చెరక్కూడదనే అన్నాను. అందుకని ప్రతి సబ్జెక్టులోనూ ఏడో పుస్తకం నుంచి పన్నెండో దాకా మొత్తం నల్ల సిరాయే. ముప్పై పుస్తకాలు పాడుచేసి కూచున్నాను. నువ్వు అబద్ధంలో తడిపావు, నేను నిజంగానే పాడుచేశాను.

మొదటి ముప్పై ఈ పార్సిల్లో ఉన్నాయి. చెరిపింది ఫిన్నీ, పరీక్ష అయ్యాక బడికి వెళ్ళేదాకా అదే పని. వాడు నీ అంత బాగా చెరపలేదు, రెండు చోట్ల కాయితం చిరిగింది. మిగతావి నేను రాస్తన్నాను. పెద్ద గళ్ళ నోటుబుక్కులు కొన్నాను, ఒక్కో ప్రశ్న చూసి పెద్ద పెద్ద అక్షరాలతో దించుతున్నాను. బొమ్మలు మీ మరిది గేటు దగ్గర ఖాళీ ఉన్నప్పుడు వేస్తన్నారు, ఆయన కప్ప ఎలకలా వచ్చింది. లెక్కలు ఏడో పుస్తకం, ఇంగ్లీషు ఏడో పుస్తకం అయ్యాయి, అవి కూడా పెట్టాను. మిగతా ఇరవై ఎనిమిదీ నెలకి రెండు లెక్కన పంపుతాను. గ్లోరీ అంతకన్నా తొందరగా వెళ్ళక్కర్లేదు. ధర అడక్కు.

ఒక్కటే అడుగుతున్నాను. నాలుగో లెవెల్ జవాబుల పుస్తకం మాత్రం నేను పంపను, నా దగ్గరే ఉంటాది. గ్లోరీ రాసినవి నాకు పంపు, తప్పులున్నవి తప్పులతోనే, ఖాళీ ఉన్నవి ఖాళీతోనే. నేను దిద్ది పంపుతాను.

ఈసారి నువ్వు రాయకు అక్కా. దాన్నే రాయనీ.

షాలిని